ఒక్క సన్నివేశం నిలబెట్టిన నాసిరకం నవ్వుల సినిమాలు

రెండో ఆట (రాజమహేంద్రవరం):

సభ్యులందరికీ నమస్కారం. మొత్తంగా చూస్తే విసుగు పుట్టించి, రెండోసారి చూడాలన్న కోరిక ఏ కోశానా కలిగించకపోయినా, ఒక్క సన్నివేశం పుణ్యాన ఇప్పటికీ మన మాటల్లో బతుకుతున్న హాస్య చిత్రాల గురించి ఇక్కడ మాట్లాడుకుందాం. మంచి సినిమాల్లోని గొప్ప సన్నివేశాల జాబితా మనకు వద్దు. 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే ఘట్టం ఎంత గొప్పదైనా ఈ చర్చలో చెల్లదు, ఎందుకంటే ఆ సినిమాకు ఎవరి ఆసరా అక్కరలేదు. నవ్వించడమే పనిగా పెట్టుకొని వచ్చి, రెండున్నర గంటల్లో ఆ పని ఒక్కచోట మాత్రమే చేయగలిగిన సినిమాలే కావాలి.

నా వంతుగా 2002లో వచ్చిన 'సొంతం' పేరు చెబుతున్నాను. అంతకు ముందు ఏడాది 'ఆనందం'తో పేరు తెచ్చుకున్న శ్రీను వైట్ల గారి సినిమా ఇది. ఆర్యన్ రాజేష్, నమిత, రోహిత్ పాత్రల మధ్య స్నేహం ఎప్పుడు ప్రేమగా మారుతుందో, ఎవరు ఎవరి కోసం తప్పుకుంటారో ముందే తెలిసిపోతుంది కనుక కథ మీద ఆసక్తి నిలవదు. దేవిశ్రీ ప్రసాద్ గారి పాటలు తీసేస్తే ఆ ముగ్గురికీ చివరికి ఏమైందో చెప్పమని అడిగితే నేను చెప్పలేను. కానీ సునీల్, ఎం.ఎస్. నారాయణ కలిసిన భాగం మొదలైన క్షణం నుంచి ఆ తెర మీద ఇంకో సినిమా నడుస్తుంది. ఈరోజుకీ టీవీలో ఆ ముక్క వస్తే ఇంట్లో ఎవరూ రిమోటు ముట్టుకోరు. ఆ ముక్క అయిపోయి నాయకుడు కనిపించగానే ఛానెల్ మారిపోతుంది.

నేల క్లాసు (కరీంనగర్):

మంచి అంశం. నా ఎంపిక 'వెంకీ'. అందులో రైలు ఘట్టం తెలుగులో వచ్చిన హాస్య ఘట్టాలన్నింటిలో మొదటి వరుసలో ఉంటుందని నేను వాదించగలను. విశాఖపట్నంలో పనీపాటా లేకుండా తిరిగే నలుగురు మిత్రులు పోలీసు శిక్షణకని హైదరాబాదు బయలుదేరడం, ఆ బోగీలోకి గజాలగా బ్రహ్మానందం రావడం, అక్కడి నుంచి ఒక్కొక్కరి అసలు రంగు బయటపడటం, ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. రైలు దిగిన తరువాత మాత్రం సినిమా హత్య, పరిశోధన, పగ అంటూ మరో దారి పట్టి, మొదటి సగంలో సంపాదించిన ఉత్సాహాన్ని ఖర్చు పెట్టేస్తుంది. కాబట్టి ఆ సినిమాను నిలబెట్టింది రైలే.

రెండో ఆట:

నేల క్లాసు గారూ, అభ్యంతరం. 2004 నాటి 'వెంకీ'ని 2023 డిసెంబరులో మళ్లీ విడుదల చేస్తే కుర్రవాళ్లు హాళ్లలో సంభాషణలు నటుల కంటే ముందే అప్పజెప్పారు. నాసిరకం సినిమాకు ఆ మర్యాద దక్కదు. రెండో సగం కొంత బరువెక్కిందన్నంత మాత్రాన సినిమా చెడ్డదని నేను ఒప్పుకోను. శిక్షణ కేంద్రంలో జరిగే సన్నివేశాలు కూడా నవ్విస్తాయి కదా.

కాఫీ వేళ (హైదరాబాదు):

'వెంకీ' చెల్లదనడానికి ఇంకో కారణం ఉంది, అదే అసలు కారణమని నా అభిప్రాయం. ఆ రైలును సినిమాలోంచి కోసి తీయలేము. నాయిక నాయకుడికి పరిచయమయ్యేది అందులోనే, తరువాతి కథకు మూలమైన హత్య జరిగేది అందులోనే, ఆమెకు అతని మీద అనుమానం పుట్టేది కూడా అక్కడి నుంచే. అంటే మనం నవ్వుతున్న సమయంలోనే కథ తన సామాను సర్దుకుంటోంది. రెండో ఆట గారు అడిగింది దీనికి పూర్తిగా విరుద్ధమైన వస్తువు. సినిమాతో ఏ సంబంధమూ లేకుండా, సినిమా మునిగిపోయినా తాను తేలిన సన్నివేశం కావాలి.

పాత రీలు (విజయవాడ):

కాఫీ వేళ గారు చెప్పిన 'సంబంధం లేని సన్నివేశం' మన దగ్గర యాదృచ్ఛికంగా పుట్టలేదు, దానికి పెద్ద వంశవృక్షమే ఉంది. రేలంగి, రమణారెడ్డి జోడీ రోజుల నుంచి, ఆ తరువాత రాజబాబు, రమాప్రభ జోడీ దాకా, ముఖ్య కథ పక్కనే హాస్య జంటకు ఒక చిన్న కథ నడపడం మన సినిమాకు అలవాటు. కథ ఏడిపిస్తున్నప్పుడు ప్రేక్షకుడికి ఊపిరి తీసుకునే వీలు కల్పించడం దాని పని. 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట'లో వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఇచ్చిన భాగం ఎంత జనాదరణ పొందిందంటే 'సుత్తి' అన్నది ఇద్దరి పేర్ల ముందూ శాశ్వతంగా చేరిపోయింది. తొంభైలలో కోట, బాబూమోహన్ జంట వచ్చేసరికి పంపిణీదారులు ఆ జంట ఉందా లేదా అని అడిగే స్థితి వచ్చింది.

ఇంకొంచెం ముందుకు వస్తే ఇది 'ట్రాక్' అయింది. పేరున్న హాస్యనటుడు రోజుకు రెండు మూడు సినిమాల్లో నటిస్తున్న కాలంలో అతని కాల్షీట్లు, అంటే చిత్రీకరణకు అతను ఇచ్చే తేదీలు, దొరికిన కొద్ది రోజుల్లోనే అతని భాగం మొత్తం చిత్రీకరించాలి. నాయకుడి కాల్షీట్లతో వాటిని కలపడం కుదరదు కనుక అతనికి వేరే ఇల్లు, వేరే వీధి, వేరే బాధితుడు. చాలాసార్లు రాసేవాడు కూడా వేరే. 2006 నాటి 'పోకిరి' చూడండి. బ్రహ్మానందం సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అలీ బిచ్చగాళ్ల నాయకుడు, వాళ్ల మధ్య యుద్ధం. ఆ భాగమంతా తీసేసినా నాయకుడు పండు కథలో ఒక్క అక్షరం చెదరదు. ఆ సినిమా తన బలంతో తాను గెలిచింది కాబట్టి ట్రాక్ అదనపు ఆకర్షణగా మిగిలింది. గెలవని సినిమాల్లో ఇదే ఏర్పాటు ఉన్నప్పుడు, ట్రాక్ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కాబట్టి ఈ చర్చలో మనం వెతుకుతున్నవి అద్భుతాలు కావు, కాల్షీట్ల సర్దుబాటులో పుట్టిన పిల్లలు.

ఇక నా ఎంపిక చెబితే కొందరికి కోపం రావచ్చు. 1986లో వచ్చిన 'చంటబ్బాయ్'.

నేల క్లాసు:

పాత రీలు గారూ, 'చంటబ్బాయ్'ని నాసిరకం జాబితాలో వేస్తే ఈ వేదిక నుంచి బహిష్కరించాలని నేను ప్రతిపాదిస్తాను.

పాత రీలు:

ముందు వాదన వినండి, ఆ తరువాత బహిష్కరించండి. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ఆధారంగా జంధ్యాల గారు తీసిన ఆ సినిమా విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. చిరంజీవి గారిని నవ్వించే డిటెక్టివుగా, చార్లీ చాప్లిన్ వేషంలో చూడటానికి అప్పటి అభిమానులు సిద్ధంగా లేరన్నది సగం కారణం. మిగిలిన సగం, రెండో సగంలో సినిమా నవ్వుల బాట వదిలి, జాడ తెలియని కొడుకును వెతికే బరువైన కథలోకి వెళ్లిపోవడం. నేను దాన్ని చెడ్డ సినిమా అనడం లేదు, తూకం తప్పిన సినిమా అంటున్నాను. ఆ సినిమా గురించి ఎవరు మాట్లాడినా మొదట గుర్తుచేసుకునేది శ్రీలక్ష్మి గారినే. తాను గొప్ప రచయిత్రినని నమ్మి, ఒక పత్రికా సంపాదకుడి ఎదుట కూర్చొని తన రచనలు వినిపించి, వంటలు రుచి చూపించి అతని ప్రాణం తోడేసే ఆ ఘట్టాన్ని తలుచుకొని, డిటెక్టివు ఏ కేసు పరిశోధించాడో మరిచిపోయిన వాళ్లు నాకు చాలామంది తెలుసు.

సందేహి (గుంటూరు):

నేను చర్చ మూలానికే అభ్యంతరం చెబుతున్నాను. ఒక్క సన్నివేశం సినిమాను 'నిలబెట్టింది' అన్న మాటలో నిజమెంత? టిక్కెట్టు కొనుక్కొని హాలులో కూర్చున్న వాడికి ఆ నాలుగైదు నిమిషాల ముందూ వెనుకా పడిన బాధ తగ్గలేదు. సన్నివేశం నిలిచింది, సినిమా నిలవలేదు. తరువాతి కాలంలో హాస్యం మాత్రమే వేసే టీవీ ఛానెళ్లు వచ్చి, జెమిని కామెడీ వంటివి పొద్దంతా ఈ ముక్కలనే తిప్పి తిప్పి చూపించడం వల్ల, ఆ పైన యూట్యూబులో ముక్కలకు ముక్కలు కలిపి గంటల నిడివి గల దండలు గుచ్చడం వల్ల, అవి ఏ సినిమాలోవో కూడా తెలియని తరం తయారైంది. 'సొంతం' మంచి సినిమా అని ఇప్పుడు అనే కుర్రవాడు నిజానికి 'సొంతం' చూడలేదు. ముక్కను చూసి మొత్తానికి మార్కులు వేస్తున్నాడు. ఇందులో నిర్మాతకు ఒరిగింది లేదు, దర్శకుడు నేర్చుకున్నదీ లేదు.

రెండో ఆట:

సందేహి గారూ, మీరు ప్రేక్షకుడి జేబు లెక్క చెబుతున్నారు, నేను జ్ఞాపకం లెక్క చెబుతున్నాను. ఆ ఏడాది వచ్చిన ఎన్ని ప్రేమకథల పేర్లు మీకు గుర్తున్నాయి? 'సొంతం' పేరు గుర్తుంది. దానికి కారణం ఆ ముక్క. ఒక సినిమాకు ఇంతకు మించిన ఉపకారం ఏ సన్నివేశమూ చేయలేదు.

అరవ పక్కిల్లు (చెన్నై):

నేను తెలుగువాడినే, మద్రాసులో పెరిగాను. సందేహి గారి మాటకు బలంగా తమిళం నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. 2001లో వచ్చిన 'ఫ్రెండ్స్'లో వడివేలు గారు నేసమణి అనే రంగుల కాంట్రాక్టరు. తల మీద సుత్తి పడే ఆ సన్నివేశాన్ని పట్టుకొని 2019 మే నెలలో ఎవరో సామాజిక మాధ్యమంలో సరదాగా నేసమణి క్షేమం కోసం ప్రార్థించమంటే, ఆ పిలుపు దేశమంతటా మారుమోగింది. అప్పుడు ప్రార్థించిన వాళ్లలో చాలామందికి ఆ సినిమా కథ ఏమిటో తెలియదు. 'ఫ్రెండ్స్' చెడ్డ సినిమా కాదు కాబట్టి మీ నిబంధనకు సరిపడదు. కానీ పాత్ర సినిమా నుంచి విడిపోయి సొంతంగా బతకడం మన రెండు భాషల్లోనూ ఒకే దారిలో జరిగిందని చెప్పడానికి ఇది రాశాను.

కాఫీ వేళ:

పాత రీలు గారు ఈ సన్నివేశాలు ఎలా పుడతాయో చెప్పారు. అవి ఎందుకు బతుకుతాయో నేను చెప్పే ప్రయత్నం చేస్తాను. ట్రాకులు వేల సంఖ్యలో వచ్చాయి, వాటిలో నిలిచినవి కొన్నే. సినిమా చెడ్డదై ట్రాక్ కూడా చెడ్డదైన సందర్భాలే ఎక్కువ. తేడా ఎక్కడుంది?

నాకు తోచినది ఇది. నిలిచిన ప్రతి సన్నివేశంలోనూ మధ్యలో ఉన్న మనిషికి తాను హాస్యపాత్ర అని తెలియదు. శ్రీలక్ష్మి గారి పాత్రకు తాను రచయిత్రినన్న నమ్మకంలో రవ్వంత అనుమానం కూడా లేదు. 'దుబాయ్ శీను'లో ఎం.ఎస్. నారాయణ గారి ఫైర్ స్టార్ సాల్మన్ రాజుకు తాను మహానటుడినన్న విషయంలో సందేహం లేదు. 'కింగ్'లో బ్రహ్మానందం గారి జయసూర్యకు లోకంలో తన తరువాతే ఏ సంగీత దర్శకుడైనా. వీళ్లెవరూ మనల్ని నవ్వించడానికి ప్రయత్నించడం లేదు. తమ గొప్పతనాన్ని లోకం గుర్తించకపోవడం వాళ్ల బాధ. ఆ బాధ నిజమైనది కనుకే మనకు నవ్వు వస్తుంది.

చెడ్డ హాస్య చిత్రంలో మిగిలిన వాళ్లంతా చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాయకుడు ప్రతి మాటనూ ప్రాసతో ముగించి, ఇప్పుడు నవ్వండి అన్నట్టు ఆగుతాడు. వెనుక నుంచి ఒక చిత్రమైన శబ్దం వస్తుంది. ఎదుటివాడి ముఖం దగ్గరగా చూపిస్తారు. ఇన్ని సైగలు చేసి అడిగితే ప్రేక్షకుడికి నవ్వే ఇష్టం పోతుంది. 2014 నాటి 'ఆగడు' మీద నా ఫిర్యాదు ఇదే. మహేష్ బాబు గారి పాత్ర మొదటి నిమిషం నుంచి చివరి దాకా పంచులు వేస్తూనే ఉంటుంది, అందులో వ్యంగ్యం కొంత బాగానే ఉంది కూడా, కానీ ఆ పాత్రకు దేనిమీదా గాఢమైన నమ్మకం లేదు. తన కథను తానే ఎగతాళి చేసే నాయకుడు ఉన్నచోట హాస్యనటుడికి పని మిగలదు.

ఇంకొక్క మాట. బ్రహ్మానందం గారు అత్తిలిలో, ఎం.ఎస్. నారాయణ గారు భీమవరంలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసినవారు. అర్థంలేని మాటను కూడా తరగతి గదిలో పద్యానికి తాత్పర్యం చెబుతున్నంత శ్రద్ధగా, విరుపులతో, ఒత్తులతో పలకగల శక్తి వాళ్లకు అక్కడి నుంచి వచ్చిందని నేను అనుకుంటాను. 'నువ్వు నేను'లో అధ్యాపకుడిగా ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు నవ్వించినదీ ఆ గంభీరమైన ముఖంతోనే. దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' చూసిన వారికి ఆయన పద్ధతి గురించి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఈ చర్చకు నా అధికారిక ఎంపిక 'కింగ్'. 2008 డిసెంబరులో వచ్చింది. ఒకవైపు రాజవంశం, ఆస్తి కోసం కుట్ర. మరోవైపు బొట్టు శీను, అతని ప్రేమ. వీటి మధ్య పోలికల గందరగోళం. ఎవరు ఎవరిలా నటిస్తున్నారో పట్టించుకోవడం నేను మధ్యలోనే మానేశాను. నాయిక గాయని కావడం వల్ల కథలోకి ఒక సంగీత దర్శకుడు రావలసి వచ్చింది, ఆ ఒక్క అవసరం వల్ల మనకు జయసూర్య దొరికాడు. అతను పాట గురించి మాట్లాడుతున్నంత సేపూ సినిమాలో మిగిలిన వాళ్లందరూ అతని కచేరీకి పిలవకుండా వచ్చిన శ్రోతల్లా ఉంటారు.

నేల క్లాసు:

కాఫీ వేళ గారి సూత్రం బాగుంది కానీ ఒకచోట ఆగదు. 'దూకుడు'లో నాయకుడి మాయమాటలు నమ్మి, తాను సినిమా హీరోనయ్యానని మురిసిపోయే బొక్కా వెంకట్రావు (ఎం.ఎస్. నారాయణ), అదంతా రియాలిటీ షో అని నమ్మే పద్మశ్రీ (బ్రహ్మానందం), ఇద్దరూ మీరు చెప్పిన నమ్మకంతోనే నవ్వించారు. ఎం.ఎస్. గారికి వెంకట్రావు పాత్రకు నంది పురస్కారం కూడా వచ్చింది. అక్కడ నాయకుడు కూడా పంచులు వేస్తూనే ఉన్నాడు కదా? మరి 'దూకుడు' ఆడి 'ఆగడు' ఎందుకు పోయింది?

కాఫీ వేళ:

'దూకుడు'లో నాయకుడికి ఒక నిజమైన అవసరం ఉంది. కోమాలోంచి లేచిన తండ్రికి లోకం మారలేదని నమ్మించాలి, లేకపోతే ఆయన ప్రాణానికి ముప్పు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఈ ఇద్దరు అమాయకులు కావలసి వచ్చారు. అంటే అక్కడ నవ్వు కథకు కూలిపని చేస్తోంది. 'ఢీ', 'రెడీ' కాలం నుంచి శ్రీను వైట్ల గారు, రచయితలు కోన వెంకట్ గారు, గోపీమోహన్ గారు కలిసి పదునుపెట్టిన ఆ పద్ధతిలో, మోసపోయే ఇంటిపెద్ద లేదా బావగారు ఉన్నంత కాలం సినిమా నిలిచింది. ఆ తరువాత మిగతా వాళ్లందరూ మోసపోయే బ్రహ్మానందాన్ని మాత్రం తీసుకొని, ఎందుకు మోసం చేస్తున్నామో మరిచిపోయారు. 2011 తరువాత కొన్నేళ్ల పాటు రెండో సగంలో ఒక పెద్ద బంగళా, అందులో విలన్ కుటుంబం, మారువేషంలో నాయకుడు, ఏమీ తెలియని బ్రహ్మానందం లేని తెలుగు సినిమా చూడటం కష్టమైంది. వాటిలో ఒక్కో సన్నివేశం గుర్తుందంటే ఆ ఘనత నటుడిది, రాతది కాదు.

డల్లాస్ దారి (టెక్సస్):

అమెరికా నుంచి ఒక ఓటు. 2018 నవంబరులో వచ్చిన 'అమర్ అక్బర్ ఆంటొనీ'. పగ, వ్యక్తిత్వాల వ్యాధి, న్యూయార్కు, అన్నీ కలిసి ఎవరికీ అంతుపట్టని సినిమా అది. నాతో వచ్చిన మిత్రులు విరామంలోనే వెళ్లిపోదామన్నారు. కానీ అందులో ఇక్కడి తెలుగు సంఘాల మీద వేసిన వ్యంగ్యం ఉంది చూడండి, అది ఇక్కడ ఉన్నవాళ్లకు మాత్రమే పూర్తిగా అర్థమవుతుంది. సభ జరగకముందే పదవుల కోసం పోటీ, దాతల ఫొటోల కొలతలు, భారతదేశం నుంచి వచ్చిన అతిథిని ఎవరింట్లో దించాలన్న తగవు, ఇవన్నీ మేము ఏడాదికోసారి చూసే దృశ్యాలే. వెన్నెల కిషోర్, రఘుబాబు, సత్య ఉన్న ఆ భాగంలో హాలంతా నవ్వింది, ఆ నవ్వినవారిలో స్థానిక సంఘం పెద్దలు కూడా ఉన్నారు. వాళ్లు నవ్వింది పక్క సంఘం మీద అనుకొని ఉంటారు.

కాఫీ వేళ గారి సూత్రం ఇక్కడ కూడా పనిచేస్తుంది. ఆ పాత్రలకు తమ సంఘమే ప్రపంచం. వేదిక మీద తమ కుర్చీ ఎన్నో వరుసలో ఉందన్నది వాళ్లకు జీవన్మరణ సమస్య.

గోళీ సోడా (తిరుపతి):

'ఖలేజా' ఎవరూ చెప్పలేదేమిటి? 2010లో పోయింది, టీవీలో బతికింది, 2025లో మళ్లీ హాళ్లలోకి వచ్చింది. 'ఆరెంజ్'లో బ్రహ్మానందం గారి పప్పీ కూడా ఉంది.

నిర్వాహకులు:

గోళీ సోడా గారూ, 'ఖలేజా' ఆలస్యంగా మెచ్చుకోలు దక్కిన సినిమా, అది వేరే వర్గం. 'ఆరెంజ్' ప్రేమకథ, దాన్ని గుర్తు పెట్టించింది హారిస్ జయరాజ్ గారి పాటలు. రెండింటికీ వేరే చర్చలు ఉన్నాయి. ఇక్కడ హాస్య చిత్రాలకే పరిమితం కావాలని మనవి.

మల్లెతీగ (వరంగల్):

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒకప్పుడు సినిమాను కాపాడాయని మనం అనుకున్న కొన్ని సన్నివేశాలు ఇప్పుడు చూస్తే నవ్వు రావడం లేదు. 'చిరుత'లో అలీ గారి నచ్చిమి పాత్రను ఆ రోజుల్లో మా కళాశాలలో అందరూ అనుకరించేవారు. ఆడంగి నడకను, గొంతును చూపి నవ్వించడమే అందులో ఉన్న సరుకు. మా తరగతిలో కొంచెం మెత్తగా మాట్లాడే అబ్బాయి ఒకడు ఉండేవాడు, ఆ సినిమా తరువాత అతని అసలు పేరు ఎవరూ పిలవలేదు. భర్తను భార్య చితకబాదడం, లావుగా ఉన్న అమ్మాయిని చూసి నాయకుడు పారిపోవడం, నల్లగా ఉన్నవాళ్ల మీద విసుర్లు, ఇవన్నీ ట్రాకుల్లో ప్రధాన సరుకు. కాఫీ వేళ గారు మెచ్చుకున్న సన్నివేశాలను గమనిస్తే, వాటిలో నవ్వు పాత్ర గర్వం మీద పుడుతుంది, పుట్టుక మీద కాదు. అందువల్లే అవి ఇంకా చెల్లుతున్నాయి. కనుక నా జాబితా మీ అందరి జాబితాల కంటే పొట్టిది, అందులో శ్రీలక్ష్మి గారు మొదట ఉంటారు.

పాత రీలు:

మల్లెతీగ గారి మాట నిజం. శ్రీలక్ష్మి గారి గురించి ఇంకొంచెం చెప్పాలి. తెలుగులో హాస్యనటికి సాధారణంగా ఇచ్చేది గయ్యాళి భార్య వేషం, లేదా హాస్యనటుడి పక్కన జోడీ. జంధ్యాల గారు ఆమెకు పిచ్చిని ఇచ్చారు, అదీ పూర్తిగా ఆమె సొంత పిచ్చి. ఒక సినిమాలో రచన, ఇంకో సినిమాలో మరొకటి. మగవాడు ఎవరూ పక్కన లేకపోయినా ఆ సన్నివేశం నడిచేది. ఆ తరువాత ఆ అవకాశం ఇంకో నటికి అంత విరివిగా దొరికినట్టు నాకు కనిపించదు. జయసూర్యలూ ఫైర్ స్టార్లూ పుట్టిన కాలంలో ఒక్క గర్విష్ఠి రచయిత్రి కూడా ఎందుకు పుట్టలేదో రాసేవాళ్లను అడగాలి.

రెండో ఆట:

చర్చ అనుకున్నదాని కంటే లోతుకు వెళ్లింది. ఇప్పుడు అందరి ముందూ ఒక ప్రశ్న పెడతాను. 2024 దసరాకు వచ్చిన 'విశ్వం'లో శ్రీను వైట్ల గారు మళ్లీ రైలు ఎక్కారు. గోపీచంద్ గారు నాయకుడు, బోగీలో నరేష్ గారు, వీటీవీ గణేష్ గారు, వెన్నెల కిషోర్ గారు ఉన్నారు. విడుదలకు ముందు నుంచే అందరూ 'వెంకీ' రైలును తలుచుకున్నారు. సినిమా మొత్తం ఎవరినీ పెద్దగా మెప్పించలేదు. మరి ఆ రైలు ఘట్టం ఈ జాబితాలో చేరుతుందా?

నేల క్లాసు:

నాకు అక్కడక్కడా నవ్వు వచ్చింది, ముఖ్యంగా గణేష్ గారి దగ్గర. అయినా జాబితాలో చేర్చను. 'వెంకీ'లో బోగీ ఎక్కిన వాళ్లకు తాము ఒక గొప్ప హాస్య ఘట్టంలో ఉన్నామని తెలియదు. 'విశ్వం'లో రైలు కదలకముందే అందరికీ తెలుసు. నవ్వించి తీరాలన్న తొందర ప్రతి ముఖంలో కనిపిస్తుంది.

కాఫీ వేళ:

నేల క్లాసు గారు నా వాదనను నాకంటే బాగా చెప్పారు. ఇంకొకటి కలుపుతాను. 'వెంకీ' రైలులో గజాల వేడి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. ముందు అతనికి ఒక హోదా ఇచ్చి, ఆ హోదాను నలుగురూ నమ్మేలా చేసి, ఆ తరువాత మెల్లమెల్లగా ఊడదీస్తారు. ఇప్పటి సినిమాలో అంత ఓపిక ఎవరూ పట్టరు. సన్నివేశాన్ని ముక్కగా కోసి ఫోనులో పెడతారని తెలిసిన రచయిత, మొదటి వాక్యంలోనే నవ్వు రావాలని రాస్తున్నాడు. సందేహి గారు మొదట్లో చెప్పిన ముక్కల వ్యాపారం వల్ల జరిగిన అసలు నష్టం ఇదేనని నాకు అనిపిస్తోంది. పాత సన్నివేశాలను అది బతికించింది, కొత్త సన్నివేశాలకు పెరిగే సమయం ఇవ్వడం లేదు.

డల్లాస్ దారి:

ఒప్పుకుంటాను, అయితే 'జాతిరత్నాలు'లో న్యాయస్థానం ఘట్టం 2021లో వచ్చిందే. తీరికగా పెరిగింది, పైగా న్యాయమూర్తి కుర్చీలో బ్రహ్మానందం గారు ఉన్నారు. సినిమా బాగుంది కనుక ఇక్కడ చెల్లదని నాకు తెలుసు, సమయం ఇచ్చే దర్శకులు ఇంకా ఉన్నారని చెప్పడానికి రాశాను.

సందేహి:

ఇంతమంది ఇన్ని విధాలుగా వాదించాక 'కింగ్' మళ్లీ చూశాను, మొత్తం, ఒక్క నిమిషం కూడా దాటవేయకుండా. నా అభిప్రాయం మారలేదు, సినిమా నిలవలేదు. కానీ విడి ముక్కగా చూసినప్పుడు నేను గమనించని సంగతి ఒకటి ఉంది. జయసూర్య రాకముందు అంత సేపు మారువేషాలు, కుట్రలు, ప్రాస డైలాగులు భరించి ఉండటం వల్ల, ఒక మనిషి కేవలం తన సంగీతం గురించి మాత్రమే, అదీ మనసారా, మాట్లాడటం మొదలుపెట్టేసరికి ఇల్లంతా తేలికైంది. ఫోనులో ఆ ముక్కే చూసిన మా అబ్బాయి నవ్వాడు. సినిమా మొత్తం నాతో కూర్చొని చూసిన మా ఆవిడ నవ్వుతో పక్కకు ఒరిగిపోయింది. కనుక నా ఓటు 'కింగ్'కే వేస్తున్నాను, చర్చ శీర్షిక మీద నా అభ్యంతరం అలాగే ఉంచి. ఆ సన్నివేశం కోసం మిగిలిన సినిమాను ఇంకోసారి చూడమని మాత్రం ఎవరూ నన్ను అడగవద్దు.